పాపం, మగ్దలేన మరియమ్మ!

బిడ్డకు పేరు పెట్టడమంటే మన ఇళ్లలో చిన్న సంగతా చెప్పండి! నాయన వైపు జేజి పేరా, అమ్మ వైపు అవ్వ పేరా అని మొదలై, ఇంటి దేవుడి పేరు రావాలని ఒకరు, అక్షరం కలవాలని ఒకరు లాగుతుంటే, బిడ్డ బోర్లాపడే దాకా 'పాప' గానే ఉండిపోయిన ఇళ్లు మీరూ చూసే ఉంటారు. ప్రొద్దుటూరులో మా పక్కింట్లో మాత్రం ఈ గొడవ ఇంకో దారి పట్టింది.

వాళ్లు క్రైస్తవులు. సి.ఎస్.ఐ. చర్చికి పోతారు. మాకూ వాళ్లకూ మధ్య ఒకటే గోడ. ఈ పక్క మా పూజగది, ఆ పక్క వాళ్ల సిలువ. ఆ అమ్మాయి పుట్టిల్లు జమ్మలమడుగు, మెట్టినిల్లు పులివెందుల, భర్త ఉద్యోగం ప్రొద్దుటూరు. తొలికాన్పు పుట్టింట్లో. సరిగ్గా ఈస్టర్ వారంలో ఆడబిడ్డ పుట్టింది. మూడో నెలలో బిడ్డనెత్తుకొని వచ్చి, 'మగ్దలేన' అని పేరు పెట్టుకుంటామని అందరికీ చెప్పుకుంది. అంతే, పులివెందుల నుంచి అత్తగారు ఫోన్లోనే అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "ఏం పేరు దొరకలేదా మీకు? ఆమె ఎట్లాంటి బతుకు బతికిందో తెలిసే పెడతాండారా? రేపు బడిలో బిడ్డను పదిమంది నవ్వితే?" అని.

పాపం ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. "అక్కా, యేసయ్య లేచినాంక మొట్టమొదట ఆమెకే కనపడినాడని మా పాస్టరుగారు ఈస్టర్ నాడు చెప్పినారు. అత్తమ్మేమో ఆమె చెడిపోయినామె అంటాంది. రెండింటిలో ఏది నిజం? నువ్వు పత్రికలకు రాస్తావు గదా, చూసి చెప్పు" అంది.

మీలో చాలామందికి ఈ మగ్దలేనే మరియ తెలిసే ఉంటుంది. క్రైస్తవులు కాని వాళ్లు కూడా సినిమాల్లోనో, క్యాలెండరు బొమ్మల్లోనో ఆమెను చూసే ఉంటారు. విరబోసుకున్న ఒత్తయిన జుట్టు, కళ్లనిండా నీళ్లు, చేతిలో అత్తరు బుడ్డి, యేసు పాదాల దగ్గర ముడుచుకొని కూర్చున్న అందగత్తె. 'వేశ్యగా బతికి, పశ్చాత్తాపపడి మంచిదైపోయింది' అన్నది మనం విన్న కథ. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే తెలుసు. సరే చూద్దామని వాళ్లింటి తెలుగు బైబిలే అడిగి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక మనకు దొరికే ఆ గంటసేపట్లో, మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే నాలుగు సువార్తలూ నాలుగు రోజుల్లో తిరగేశాను.

ఎక్కడా లేదండీ! ఆమెను వేశ్య అని గానీ, చెడిపోయినదని గానీ ఒక్క చోట కూడా లేదు.

ఉన్నదేమిటంటే...

నాలుగు సువార్తల్లో కలిపి మగ్దలేనే మరియ అన్న పేరు పన్నెండు చోట్ల వస్తుంది. అందులో పదకొండు చోట్లు యేసు సిలువ, సమాధి, తిరిగి లేవడం గురించినవే. మిగిలిన ఒక్కటి లూకా సువార్త 8వ అధ్యాయం మొదట్లో. యేసు ఊరూరా తిరుగుతూ బోధిస్తున్నప్పుడు పన్నెండుమంది శిష్యులతో పాటు కొందరు స్త్రీలు కూడా వెంట ఉన్నారని అక్కడ రాసి ఉంది. ఏడు దయ్యాలు వదిలిపోయిన మగ్దలేనే మరియ, హేరోదు రాజు దగ్గర గృహ నిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది. వీళ్లంతా తమ ఆస్తితో ఆ బృందానికి ఉపచారం చేస్తూ వచ్చారట.

ఇక్కడ కాస్త ఆగండి. 'ఉపచారం' అన్న మాట చూడగానే మనకేం తోస్తుంది? నీళ్లు అందించడం, అన్నం వడ్డించడం, విసనకర్ర విసరడం. ఆ మాట పక్కనే 'ఆస్తితో' అన్న మాట ఉందని చూసుకోం. పదముగ్గురు మగవాళ్లు పనీపాటా వదిలిపెట్టి ఊళ్లు తిరుగుతున్నారు. రోజూ రెండు పూటలా రొట్టె ఎక్కడి నుంచి వచ్చింది? ఇల్లు నడిపే మనకు మొదట రావలసిన ప్రశ్న ఇదే గదా! లూకా దానికి జవాబు రాసిపెట్టాడు. ఆడవాళ్ల డబ్బు. వాళ్లలో మొదటి పేరు మరియది.

మగ్దలేనే అన్నది ఇంటిపేరు కాదు. మగ్దల ఊరి మరియ అని అర్థం. గలిలయ సముద్రం అని పిలిచే పెద్ద సరస్సుకు పడమటి ఒడ్డున ఉన్న చేపల ఊరు అది. ఉప్పుచేపల వ్యాపారానికి పేరు. గ్రీకువాళ్లు తరికేయై అని పిలిచిన ఊరు ఇదేనని పండితులు చెబుతారు, ఆ మాటకే చేపలను ఉప్పులో ఊరవేసే చోటు అని అర్థం. 2009లో అక్కడ తవ్వకాల్లో ఒకటో శతాబ్దం నాటి యూదుల ప్రార్థనా మందిరం బయటపడింది. అంటే మరియ బతికిన కాలం నాటిదన్న మాట. కలిగిన ఊరే, పని ఉన్న ఊరే.

ఆ రోజుల్లో యూదుల ఆడపిల్లల్లో మరియలు చాలామంది ఉండేవారు. మన వీధిలో నలుగురు లక్ష్ములుంటే 'ముద్దనూరు లక్ష్మి', 'మైదుకూరు లక్ష్మి' అని గుర్తు పెట్టుకుంటాం చూడండి, అట్లా ఈమె మగ్దల మరియ. తక్కిన ఆడవాళ్లను చూస్తే ఒకామె కూజా భార్య, ఒకామె యాకోబు తల్లి. మొగుడి పేరో కొడుకు పేరో పక్కన ఉంటేనే ఆడదానికి గుర్తింపు. ఈమెకు ఊరి పేరు ఒక్కటే. భర్త ఉన్నాడనీ లేదు, బిడ్డలున్నారనీ లేదు. వయసెంతో లేదు. అందగత్తె అని లేదు. ఇక ఆ పొడుగాటి జుట్టు సంగతి ఎక్కడా లేనే లేదు!

ఏడు దయ్యాల మాట

"మరి ఏడు దయ్యాలు పట్టినాయంటే ఊరికేనా? ఏదో పాపం చేసింటేనే గదా!" అంటారేమో. మన పక్కన కూడా ఆడపిల్ల నాలుగు రోజులు ముద్ద ముట్టకపోతే, నిద్రలో ఉలిక్కిపడితే 'గాలి సోకింది' అని తాయెత్తులు కట్టించడం కొత్తేమీ కాదు. సువార్తల్లో దయ్యం పట్టడమంటే ఏమిటో తక్కిన చోట్ల చూడండి. మాట రాని మనిషి, మూర్ఛలు వచ్చే పసివాడు, 18 ఏళ్లుగా నడుం వంగిపోయి నిలబడలేని ఒక స్త్రీ. అన్నీ జబ్బులూ బాధలే. ఏడు అంటే బాధ చాలా పెద్దదని అర్థం చేసుకోవచ్చు. ఎక్కడా దాన్ని నడవడికతో ముడిపెట్టలేదు.

ఇంకొక్కటి. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగే ఒక మగవాడికి ఏడు కాదు, ఒక సేనంత దయ్యాలు పట్టినట్టు అదే లూకా 8వ అధ్యాయంలో ఉంది. ఇన్ని వందల ఏళ్లలో ఆ మగవాడి శీలం ఎట్లాంటిదని ఒక్కరైనా అడిగారా? అడగలేదు. అయ్యో పాపం, జబ్బు మనిషి అనుకున్నారు. ఏడు పట్టిన ఆడదాన్ని మాత్రం వేశ్యను చేశారు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

ముగ్గుర్ని కలిపి ఒక్కతెను చేశారు

మరి ఆ అత్తరు బుడ్డి కథ ఎక్కడిది? అదీ ఉంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బైబిలు ఉంటే లూకా 7వ అధ్యాయం చివరి భాగం తీయండి. సీమోను అనే పరిసయ్యుడి ఇంట్లో యేసు భోజనానికి కూర్చున్నప్పుడు ఆ ఊళ్లో పాపాత్మురాలని పేరుపడిన ఒక స్త్రీ వచ్చి, కన్నీళ్లతో ఆయన పాదాలు తడిపి, తల వెంట్రుకలతో తుడిచి, అత్తరు పూస్తుంది. ఆమె పేరేమిటి? లూకా చెప్పలేదు. పేజీ తిప్పగానే 8వ అధ్యాయంలో మగ్దలేనే మరియను కొత్త మనిషిగా పరిచయం చేస్తాడు. ముందు చెప్పిన ఆమె ఈమే అయితే 'ఈమే ఆమె' అని ఒక్క ముక్క రాసేవాడు గదా!

ఇంకో అత్తరు కథ యోహాను సువార్తలో ఉంది. అక్కడ పాదాలకు అత్తరు పూసినామె పేరు మరియే. కానీ బేతనియ మరియ, మార్తకు చెల్లెలు, లాజరుకు తోబుట్టువు. బేతనియ దక్షిణాన యెరూషలేము పక్కన, మగ్దల ఎక్కడో ఉత్తరాన. నడిచిపోతే మూడు నాలుగు రోజుల దారి. ఇద్దరూ ఒక్కతే అంటే పులివెందుల లక్ష్మీ నెల్లూరు లక్ష్మీ ఒక్కతే అన్నట్లే. ఇవి చాలవన్నట్లు, రాళ్లతో కొట్టబోతే యేసు కాపాడిన వ్యభిచారి కథ యోహాను 8వ అధ్యాయంలో ఉంది చూడండి, ఆ పేరులేని స్త్రీని కూడా తెచ్చి ఈమె లెక్కలోనే రాశారు. 2004లో వచ్చిన 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' సినిమాలో సైతం అట్లాగే చూపించారు.

ఈ కలగాపులగానికి అధికారికంగా ముద్ర పడిన సంవత్సరం 591. అప్పటి పోపు మొదటి గ్రెగరీ రోము నగరంలో చేసిన ఒక ప్రసంగంలో లూకా చెప్పిన పాపాత్మురాలు, బేతనియ మరియ, మగ్దలేనే మరియ ముగ్గురూ ఒక్కతే అన్నాడు. ఏడు దయ్యాలంటే ఏడు దుర్గుణాలన్నాడు. అంతకుముందు ఒంటికి పూసుకొని చెడ్డపనులకు వాడిన అత్తరునే ఇప్పుడు ప్రభువు పాదాలకు పూసిందని కూడా వివరించాడు. ఆయన్ను మరీ తిట్టుకోనవసరం లేదు. రోములో తెగుళ్లు, యుద్ధాలు, చావుల మధ్య జనం కుంగిపోయిన కాలం అది. ఎంత పాపం చేసినవాళ్లకైనా దేవుడి దగ్గర చోటుందని ధైర్యం చెప్పాలనుకున్నాడు. కానీ ఆ ధైర్యం చెప్పడానికి పేరున్న ఒక ఆడదాని పరువు వాడుకున్నాడు. గ్రీకు, రష్యా వైపు ఉన్న తూర్పు క్రైస్తవ సంఘాలు మాత్రం ఈ ముగ్గుర్నీ కలపలేదు. వాళ్లకు ఆమె మొదటి నుంచీ పరిమళ ద్రవ్యాలు పట్టుకొని సమాధి దగ్గరికి పోయిన పుణ్యస్త్రీయే. (ఈస్టర్‌కు వాళ్లు ఉల్లిపొట్టు వేసి ఉడికించి గుడ్లను ఎర్రగా చేసుకుంటారు. ఆ ఎర్రగుడ్డును కూడా మరియ పేరుతోనే ముడిపెట్టి కథ చెప్పుకుంటారు!)

పోపును ఒప్పుకోని ప్రొటెస్టెంటులైనా ఆమెను విడిపించారా అంటే అదీ లేదు. 1611లో ఇంగ్లండులో అచ్చయిన జేమ్స్ రాజు బైబిలులో లూకా 7వ అధ్యాయానికి పైన చిన్న సారాంశం ఒకటి ఉంటుంది. కింద మూలంలో పేరులేని స్త్రీకి, పైన సారాంశంలో మగ్దలేనే మరియ అని పేరు తగిలించేశారు! ఇంగ్లీషు బైబిలు పట్టుకొని పెరిగినవాళ్ల ప్రసంగాల్లో, సండే స్కూలు బొమ్మల్లో ఆ మాట అట్లాగే సాగింది. మన పులివెందుల అత్తగారి చెవిన పడిందీ అట్లాంటి మాటే.

ఆడవాళ్ల విషయంలో ఇట్లా జరగడం ఒక్క పరదేశాల్లోనే కాదు లెండి. మన కడప జిల్లా గోపవరం మొల్ల రామాయణం రాసిన మహాకవయిత్రి. తన తండ్రి కేసనసెట్టి అని, తాను శ్రీకంఠ మల్లేశుని భక్తురాలినని ఆమే చెప్పుకుంది. అది గుర్తుండేది ఎంతమందికి? తెనాలి రామకృష్ణుడు ఆమెను వెకిలిగా ఏదో అన్నట్లు, ఆమె గడుసుగా బదులిచ్చినట్లు అల్లిన చాటు కథ మాత్రం అందరికీ నోటికొచ్చు.

నింద ఎంత దూరం పోయిందంటే

పదమూడు వందల ఏళ్లకు పైగా సాగిన ఈ మాటకు ఫలితం అనుభవించినది ఒక్క మరియే కాదు. యూరపులో 'మగ్దలీన్' అంటేనే చెడి, బాగుపడిన ఆడది అన్న అర్థం స్థిరపడిపోయింది. ఐర్లండు దేశంలో మగ్దలీన్ లాండ్రీలని ఉండేవి. పెళ్లి కాకుండా తల్లులైన పిల్లలను, దిక్కులేని పిల్లలను, మరీ చలాకీగా ఉందని ఇంట్లోవాళ్లే విసుక్కున్న పిల్లలను సైతం అక్కడ చేర్చి తలుపులు వేసేవారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఊరివాళ్ల బట్టలు ఉతకడం, ఇస్త్రీ చేయడం. జీతం లేదు. కొందరు ముసలివాళ్లయి అక్కడే పోయారు. మురికి ఉతుకుతూ ఉంటే పాపం పోతుందని ఆ లాండ్రీల వెనకున్న ఆలోచన. చివరి లాండ్రీ మూతపడింది ఎప్పుడో తెలుసా? 1996లో! మన ఇళ్లలో వాషింగ్ మిషన్లు వచ్చేసిన కాలం అది. 2013లో ఐర్లండు ప్రధానమంత్రి ఎండా కెన్నీ పార్లమెంటులో నిలబడి ఆ ఆడవాళ్లకు క్షమాపణ చెప్పాడు.

రోములో తప్పు దిద్దుకోవడం అంతకుముందే మొదలైంది. 1969లో పండుగల పట్టికను సవరించినప్పుడు జూలై 22న మగ్దలేనే మరియను సమాధి దగ్గర యేసును చూసిన శిష్యురాలిగానే తలచుకోవాలని, తక్కిన ఇద్దరు స్త్రీలను ఆమెతో కలపరాదని తేల్చారు. 2016లో పోపు ఫ్రాన్సిస్ ఆ రోజును అపొస్తలుల పండుగలతో సమానం చేశాడు. అపొస్తలులకే అపొస్తలురాలు అన్న పాత బిరుదును మళ్లీ పైకి తీశారు. అపొస్తలుడంటే పంపబడినవాడు, వార్త మోసుకుపోయేవాడు. దిద్దుబాటు జరిగి ఇన్నేళ్లయినా అది పులివెందుల దాకా రాలేదంటే ఆశ్చర్యం లేదు. నింద వచ్చినంత వేగంగా దిద్దుబాటు ఎప్పుడొచ్చింది గనక!

వేశ్య కాదంటే భార్య అంటారా?

ఈ సంగతులు చదువుతున్నానని తెలిసి, మా బంధువుల పిల్లవాడొకడు "పిన్నీ, ఆమె యేసు పెళ్లాం గదా, నవలలో చదివినా" అన్నాడు. డాన్ బ్రౌన్ రాసిన 'ది డావిన్సీ కోడ్' 2003లో వచ్చింది. 2006లో సినిమా అయ్యింది. అప్పుడు మన రాష్ట్రంలో ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం ఆ సినిమాను నిషేధించింది, తర్వాత హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అప్పటి ముఖ్యమంత్రి పులివెందుల రాజశేఖరరెడ్డిగారే.

ఆ నవలకు ఆధారమని చెప్పేది ఫిలిప్పు సువార్త అనే పాత రచన. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర ఒక జాడీలో దొరికిన పుస్తకాల్లో అది ఉంది. యేసు కాలానికి చాలా తర్వాత పుట్టిన రచన. మరియను అందులో సహచరి అన్నారు. ఆ మాట భార్యకే కాదు, పనిలో, విశ్వాసంలో తోడున్నవాళ్లకు కూడా వాడేదే. యేసు ఆమెను ముద్దు పెట్టుకునేవాడని ఉన్న చోట కాగితమే చిల్లులు పడింది. ఆ చిల్లిని ఎవరికి తోచినట్లు వాళ్లు పూడ్చుకున్నారు. బైబిలులోని నాలుగు సువార్తల్లో పెళ్లి మాటే లేదు.

నాకనిపించేది ఒకటి చెబుతాను. ఒకరు ఆమెను చెడిపోయినదన్నారు, ఇంకొకరు పెళ్లామన్నారు. ఆడదంటే ఈ రెండే నా? చదువుకోవడానికి, నేర్చుకోవడానికి గురువు వెంట నడిచిన మనిషి అంటే ఒప్పుకోవడానికి ఎందుకో మనసు రాదు! ఇది కొత్త సంగతి కూడా కాదు. మరియ పేరుతోనే ఒక పాత సువార్త ఉంది. దాని ప్రతి ఒకటి 1896లో కైరోలో ఒక జర్మనీ పండితుడి చేతికొచ్చింది. పేజీలు చాలా పోయాయి. మిగిలిన దాంట్లో ఆమె గురువు తనకు చెప్పిన సంగతులు శిష్యులకు చెబుతుంది. పేతురు, మనకెవరికీ చెప్పకుండా ఒక ఆడదానికి చెప్పాడా అని గునుస్తాడు. ఆమె ఏడుస్తుంది. లేవి అనే శిష్యుడు పేతురును కోప్పడతాడు. ఇది బైబిలులో భాగం కాదు, జరిగిందని చెప్పడానికీ లేదు. కానీ ఆ తొలి రోజుల్లోనే 'ఆడదాని మాట వినాలా' అన్న తగాదా ఉండేదని మాత్రం తెలుస్తుంది.

తెల్లవారుజామున

ఇక ఆ ఈస్టర్ పొద్దు సంగతి. నాలుగు సువార్తలూ చాలా చోట్ల ఒకదానికొకటి కాస్త తేడాగా చెబుతాయి. ఎంతమంది ఆడవాళ్లు వెళ్లారు, ఎవరెవరు అన్నదాంట్లో తేడాలున్నాయి. కానీ మగ్దలేనే మరియ లేకుండా మాత్రం ఒక్క సువార్తా లేదు. సిలువ వేసినప్పుడు మగశిష్యులు చాలామంది పారిపోయారు. ఆడవాళ్లు నిలబడి చూశారు. శవాన్ని ఎక్కడ పెట్టారో మరియ గుర్తు పెట్టుకుంది. విశ్రాంతిదినం గడవగానే సుగంధ ద్రవ్యాలు కొనుక్కొని, ఇంకా చీకటి ఉండగానే బయలుదేరింది. చనిపోయినవాళ్లకు చివరి సేవ చేయడం, అక్కడా ఆడవాళ్ల పనే!

యోహాను రాసిన తీరు చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. సమాధి తెరిచి ఉంది. ఆమె పరుగెత్తి పేతురునూ ఇంకో శిష్యుణ్ణీ పిలుచుకొచ్చింది. వాళ్లు వచ్చారు, చూశారు, ఇంటికి వెళ్లిపోయారు. ఆమె వెళ్లలేదు. అక్కడే నిలబడి ఏడ్చింది. వెనక ఎవరో నిలబడి ఎందుకేడుస్తున్నావంటే, తోటమాలి అనుకొని, శవాన్ని నువ్వు తీసుకెళ్లి ఉంటే ఎక్కడ పెట్టావో చెప్పు, నేను తీసుకుపోతానంది. ఒక నిండు మనిషి శవాన్ని ఒక్కతే ఎట్లా మోస్తుంది? ఆ ఆలోచన ఆమెకు లేదు. అప్పుడాయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు. అంతే, గుర్తుపట్టింది. వెళ్లి నా సోదరులకు చెప్పమని పంపాడు. ఆమె వెళ్లి చెప్పింది.

చెబితే ఏమన్నారు? మరియా, ఆమెతో పోయిన ఆడవాళ్లూ చెప్పిన మాటలు అపొస్తలులకు వెర్రిమాటలుగా తోచాయని లూకా దాచకుండా రాశాడు. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి పెద్ద విలువ లేదు. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే గ్రీకు పండితుడు క్రైస్తవులను ఎగతాళి చేస్తూ, మీ దేవుడు లేచాడని చూసింది ఒక మతి చెడిన ఆడది అన్నాడు. ఎవరైనా కథ అల్లాలనుకుంటే, నలుగురూ నమ్మే పెద్దమనిషిని సాక్షిగా పెట్టుకుంటారు గానీ, నమ్మరని తెలిసి ఆడదాన్ని పెడతారా? ఈ మాట చాలామంది పండితులు అన్నదే. మీ నమ్మకం ఏదైనా, ఆలోచించవలసిన మాట.

మన ప్రాంతంలోనూ ఇట్లా వార్త మోసుకుపోయిన ఆడవాళ్లున్నారు. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపకు వచ్చారు. జమ్మలమడుగులో డాక్టర్ కాంప్‌బెల్ పేరుతో ఉన్న మిషన్ ఆసుపత్రి వాళ్ల పనిలో భాగమే. ఆ మిషన్లలో 'బైబిలు ఉమన్' అని తెలుగు ఆడవాళ్లు ఉండేవారు. మగవాళ్లు అడుగు పెట్టలేని లోపలి గదుల్లోకి వెళ్లి ఆడవాళ్లకు కథలు చెప్పేవాళ్లు, అక్షరాలు దిద్దించేవాళ్లు. దొరల పేర్లు ఆసుపత్రులకున్నాయి. వీళ్ల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. పక్కనే నంద్యాలలో 2013లో ఎగ్గోని పుష్పలలితగారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ. సంఘం మొత్తానికీ మొదటి మహిళా బిషప్ ఆమే, మన తెలుగావిడ.

చెప్పడం మరిచాను, పులివెందుల అత్తగారు పోయిన నెల మనవరాలికి బంగారు గొలుసు కొనడానికి ప్రొద్దుటూరు బజారుకు వచ్చారు. వస్తూ ఒక సంచీ నిండా చీనీకాయలు, ఒక అరటిగెల తెచ్చారు. ఆమెకు చదువు రాదు. కోడలు కాఫీ కలిపే లోపల నేను బైబిలు తెచ్చి, లూకా 7వ అధ్యాయం చివర, 8వ అధ్యాయం మొదలు చదివి వినిపించాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నారు.

"ఇంకోసారి చదువమ్మా" అన్నారు. చదివాను.

"ఆ అత్తరు పోసినామెకు పేరు ల్యా?"

"లేదు పెద్దమ్మా."

"మరి ఈమె పేరు ఎవురు చెప్పిరి మాకు?"

నాకు తెలిసినంతవరకు చెప్పాను, రోము నుంచి మొదలుపెట్టి. ఆమె కాసేపు పలకలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకొని గొలుసు మెడలో వేసి, అటూ ఇటూ సర్ది చూసుకున్నారు.

"బాప్తిస్మానికి ఆ పేరే చెప్పుకోండి పాస్టరుకు. నా నోరు తిరగదు. నేనైతే చిన్నమ్మీ అనే పిలుస్తా" అన్నారు కోడలితో. తర్వాత నా వైపు తిరిగి, "మా వీధిలో ఇంగా నలుగురైదుగురు ఉండారమ్మా అట్లా అనుకునేటోళ్లు. ఆ పేజీల నెంబర్లు కాగితం మింద రాసియ్యి, చదువొచ్చిన పిల్లోల్లతో చదివిస్తా" అన్నారు.

రాసిచ్చాను.